అమ్ముడుపోయిన ప్రశ్నలు

పురుగుమందుల షాపు యజమాని చేతిలో ఎనిమిది రోజుల గడువు, పదేళ్ల పాత ప్రశ్నపత్రాలు, ఒక ఎర్ర పెన్ను ఉన్నాయి. పురుగుమందులు అమ్మేవాళ్లకు పెట్టే పరీక్ష ఈసారి కూడా తప్పితే షాపు లైసెన్సు పోతుంది. ఆయన కౌంటరు మీద పేపర్లు పరచుకుని ప్రశ్నలన్నీ వరసగా కొట్టేస్తున్నాడు.

"ఏం చేస్తున్నావు నాన్నా?" అంది కూతురు.

"ఒకసారి అడిగింది మళ్లీ అడగరు కదమ్మా. అమ్ముడుపోయిన సరుకు తీసేసి, మిగిలింది చదువుకుంటాను."

"పోయిన రెండుసార్లూ ఇలాగే చదివావా?"

"ఇంతకంటే శ్రద్ధగా చదివాను."

కూతురు నవ్వాపుకుని పేపర్లు లాక్కుంది. "మన షాపులో రోజూ పోయే మందేది?"

"ఎలుకల మందు."

"నిన్న పది పొట్లాలు పోయాయని ఇవాళ తెప్పించడం మానేస్తావా?"

ఆయన కూతురి చేతిలోంచి పేపర్లు తీసుకుని ఒక్కొక్కటీ తిరగేశాడు. మందు కళ్లలో పడితే ఏం చేయాలన్న ప్రశ్న పదేళ్లలో ఏడుసార్లు వచ్చింది. ఏడుసార్లూ తన చేత్తోనే కొట్టేశాడు.

"నువ్వు చదివే పుస్తకం ఇలా ఇచ్చి, పోయినేడాది పేపరు రాయి. గంట టైము."

"చూసి రాస్తే తప్పేంటమ్మా?"

"అప్పుడు లైసెన్సు నీకివ్వరు, పుస్తకానికిస్తారు."

గంట తర్వాత కూతురు దిద్ది చూస్తే పది ప్రశ్నల్లో నాలుగింటికే జవాబులు సరిగ్గా ఉన్నాయి.

"నాలుగేనా?"

"ఏ ఆరు రావో కూడా తెలిసింది కదా నాన్నా."

అడిగినవాళ్లకు ముప్పయ్యేళ్లుగా 'లేదు' అనకుండా 'రేపు రండి' అంటూ నెట్టుకొచ్చిన మనిషి, ఆ ఆరు ప్రశ్నల పక్కన తొలిసారి "సరుకు లేదు, తెప్పించాలి" అని రాసుకున్నాడు.