ఆగిన పళ్ళెం

రేపు పళ్ళెం తన ముందు ఆగితే లేచి బయటికి నడుస్తానని, జన్మలో మళ్ళీ ఆ చర్చి గుమ్మం తొక్కనని రొట్టెలమ్మ శనివారం పొద్దున్నే తేల్చి చెప్పేసింది. చెప్పింది అక్కకి. వినాల్సింది మాత్రం కొత్త పాస్టరు.

నెలకోసారి చర్చిలో అందరికీ తలా ఒక రొట్టె ముక్క పంచే ప్రభుబల్లకి రొట్టె ఆమె ఇంటినుంచే వెళ్తుంది. పదకొండేళ్ళుగా ఒక్క నెల కూడా తప్పలేదు. ఆ రొట్టెలో ఒక్క ముక్క ఆమె నోట్లో పెట్టుకున్నదీ లేదు. పళ్ళెం దగ్గరికొస్తే తల అడ్డంగా ఊపేస్తుంది. పాత పాస్టరు చెప్పి చెప్పి విసిగి ఊరుకున్నాడు. బైబిలు చదువు ముగించుకుని, ఈ సంఘమే కావాలని పట్టుబట్టి వచ్చిన కొత్తాయన ఊరుకునే రకం కాదు. వచ్చి రెండు నెలలైంది. రెండుసార్లూ పళ్ళెంతో ఆమె ముందు పాతేసినట్టు నిలబడ్డాడు.

ఎందుకు తినదో సంఘమంతటికీ తెలుసు. ఒకప్పుడు ఆమెకి బేకరీ ఉండేది. పిండి కలిపే మిషన్‌కి పైన జాలీ మూత ఉంటుంది. మూత తీస్తే మిషన్ ఆగిపోవాలి. అంచులకి అంటిన పిండిని గీకడానికి మాటిమాటికీ ఆపడం దండగ అనుకుని ఆ ఏర్పాటు తీయించేసి, జాలీని మూల పడేయించింది. వద్దన్నవాళ్ళ నోరు మూయించింది. ఒక ఉదయం పనివాడి కుడిచెయ్యి మోచేతిదాకా అందులోకి వెళ్ళిపోయింది. కేసు పెట్టమని ఎందరు ఎగదోసినా అతను పెట్టలేదు. కట్టు విప్పకముందే ఊరు విడిచి వెళ్ళిపోయాడు.

ఆమె బేకరీ మూసేసింది. అప్పట్నుంచి పిండి చేత్తోనే పిసుకుతుంది. వేళ్ళ కణుపులు వాచి వంకర్లు తిరిగాయి. డాక్టరిచ్చిన మాత్రలు డబ్బాలో అలాగే ఉన్నాయి. మంచం ఉండగా కటికనేల మీద పడుకుంటుంది.

"దేవుడు సిలువ మీద పని సగంలో వదిలేసి పోయాడా? మిగతాది నువ్వు పూర్తి చేస్తున్నావా?" అంది అక్క, పిండి గిన్నె ముందు కూచున్న చెల్లెల్ని చూసి.

"నా చేతులారా చేసుకున్నది. నేనే పడతాను. మధ్యలో ఆయన రానక్కర్లేదు."

"చెయ్యి పోయినవాడే నిన్ను పల్లెత్తు మాట అనలేదు కదే."

"అదేగా నా బాధ. తిట్టుంటే ఈపాటికి తేరుకునేదాన్ని."

సాయంత్రం పాస్టరు రానే వచ్చాడు. చేతిలోని బైబిలు కుర్చీ మీద పెట్టి, అప్పుడు టీ గ్లాసు అందుకున్నాడు. తాగి, గ్లాసు కింద పెట్టి, మళ్ళీ బైబిలు తీసుకున్నాడు. రేపు కూడా ఆగుతానని చెప్పిపోదామనే వచ్చానన్నాడు. ఇంత మొండితనం పాస్టర్లకి పనికిరాదంది ఆమె.

"మీ దగ్గర నేర్చుకున్నదేనమ్మా," అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఆదివారం. సంఘపెద్ద రొట్టె విరిచాడు. పాస్టరు పళ్ళెం పట్టుకుని వరసల్లోకి వచ్చాడు. రొట్టెలమ్మ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని సిద్ధంగా కూచుంది. ఆయన అన్నంత పనీ చేశాడు.

"తీసుకోండమ్మా."

"ముందుకెళ్ళండి."

వెళ్ళలేదు. పాట అయిపోయింది. పాడేవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని మళ్ళీ మొదటి చరణం ఎత్తుకున్నారు. వెనక వరసలవాళ్ళు మెడలు సాచారు. ఆమె లేచి నిలబడింది. ఆయన దారి వదల్లేదు.

"సిగ్గు లేదూ నీకు? తప్పుకో."

పాస్టరుని పట్టుకుని నువ్వు అన్నందుకు అక్క మోచేత్తో పొడిచింది. ఆయనకి చీమ కుట్టినట్టయినా లేదు.

"ఇది ఎవరికి తగునో తేల్చడానికి మీరెవరు, నేనెవరు? మీరు తీసుకునేదాకా ఇక్కణ్ణించి కదలను."

"నేను చేసిన పని తెలిసే అంటున్నావా?"

"తెలిసే అంటున్నాను."

ఇత్తడి పళ్ళెం బాగా బరువు. రెండో చరణానికి వణకసాగింది. మూడో చరణానికి ఒక పక్కకి ఒరిగింది. ముక్కలు అంచుకి జారాయి. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు, ఆమె పళ్ళు బిగించుకుని చూస్తూనే ఉంది. కానీ నిన్నంతా ప్రాణంపెట్టి పిసికిన రొట్టె నేలపాలవుతుంటే చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు. వంకర వేళ్ళతో పళ్ళేన్ని గబుక్కున పట్టుకుంది.

పట్టుకున్నాక వదలలేకపోయింది. రెండో చేత్తో, కోపంగానే, ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. అది మింగడానికి చాలాసేపు పట్టింది. పదకొండేళ్ళ ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"ఇంక వదలకండమ్మా. మిగతా వరసలకి ఇద్దరం కలిసి వెళ్దాం," అన్నాడు పాస్టరు.

పళ్ళేనికి రెండో పక్క పట్టుకోవడానికి ఆయనకి కుడిచెయ్యి లేదు. అది పదకొండేళ్ళ కిందట ఆమె మిషన్‌లోనే పోయింది.