నలభై సెకన్ల వల

హల్వా దొంగను పట్టడానికి థ్రాసోస్ ఆఫీసు కంప్యూటర్‌ను కావాలనే నెమ్మది చేశాడు.

గ్రీసులోని వోలోస్ పట్టణంలో అతను పనిచేసే హల్వా కంపెనీ ఏ కొత్త రుచి కనిపెట్టినా, తమకంటే వారం ముందే అది పోటీ కంపెనీ డబ్బాల్లో అంగళ్ళకు చేరుతోంది. మొన్న అత్తిపండు హల్వా, నిన్న నారింజ తొక్క హల్వా. తయారీ వివరాలన్నీ పెద్ద కంప్యూటర్‌లో ఉంటాయి. ఇళ్ళ నుంచి, కొట్ల నుంచి అందరూ అందులోకే లాగిన్ అవుతారు. అదీ ఒకే పాస్‌వర్డ్‌తో, యజమాని మనవరాలి పేరుతో! ఎవరొచ్చారో, ఎవరు పోయారో దేవుడికే తెలియాలి.

"శుక్రవారంలోగా దొంగ దొరకాలి. దొరక్కపోతే నువ్వే దొంగవనుకుని గెంటేస్తా," అన్నాడు యజమాని పండేలిస్. థ్రాసోస్ అక్కడ కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కూడా కాలేదు.

లోపలికొచ్చే ప్రతి కంప్యూటర్ పేరేమిటో పెద్ద కంప్యూటర్ ఇంకో యంత్రాన్ని అడిగి కనుక్కుంటుంది. ఆ ప్రశ్నను థ్రాసోస్ ఎప్పుడో పాడై మూలపడ్డ యంత్రం వైపు తిప్పేశాడు. ఇక జవాబెక్కడిది? పెద్ద కంప్యూటర్ నలభై సెకన్లు ఎదురుచూసి, విసిగి, అప్పుడు తలుపు తీస్తుంది.

అతని లెక్క సులువు. బస్సు వేళకొచ్చినా సణిగే ఊరది. నలభై సెకన్లు ఆగమంటే ఊరుకుంటారా? దొంగ మాత్రం తనను కనిపెట్టేశారేమోనని నోరు మూసుకుంటాడు.

మధ్యాహ్నానికే ఫిర్యాదుల మెయిళ్ళు వచ్చిపడ్డాయి. పండేలిస్ అయితే స్వయంగా ఊడిపడ్డాడు.

"ఒరేయ్, లాగిన్ అయ్యేలోపు గడ్డం పెరుగుతోందిరా!"

"వెతుకుతున్నానండీ," అని థ్రాసోస్ వైర్లు పీకుతూ, పెడుతూ తెగ కష్టపడిపోయాడు.

గురువారం మెయిళ్ళన్నీ ప్రింటు తీసి, ఉద్యోగుల జాబితాలోని ఒక్కో పేరుకూ ఫిర్యాదు ఉందో లేదో చూసుకున్నాడు. ఒక్క పేరు మిగిలింది. గుమాస్తా ఎవ్లాంబియా. రోజూ తన చీజ్ రొట్టెలో సగం అతనికి పెట్టే మనిషి. థ్రాసోస్‌కు ఏడుపొచ్చినంత పనయింది. కాగితాల కట్టతో ఆమె దగ్గరికెళ్ళాడు.

"ఎందుకమ్మా ఇలా చేశావు? అందరూ నన్ను తిట్టారు, నువ్వొక్కదానివే నోరు మెదపలేదు!"

"లాగినూ లేదు నీ మొహమూ లేదు! ఇరవై ఏళ్ళలో ఒక్కసారైనా ఆ కంప్యూటర్ డబ్బాను ముట్టుకున్నానా అబ్బాయ్? నా పనంతా కాగితాల మీదే," అని కసిరి, ఆమె ఫిర్యాదుల కట్ట లాక్కుంది. "నన్నే దొంగను చేస్తావా? ఏం రాశారో చూడనీ."

చదువుతూ చదువుతూ ఒక కాగితం దగ్గర ఆగింది. అన్నిటికంటే ఘాటైన ఫిర్యాదు అదే.

"ఎన్నో ఏళ్ళుగా రోజూ లాగిన్ అవుతున్నాను. ఇంత అధ్వాన్నం ఎన్నడూ లేదు. మేం పని చేసుకోవాలా వద్దా? సిగ్గుండాలి! ఇట్లు, లాంబ్రోస్."

"లాంబ్రోస్‌కు మొదటి నుంచీ నోటి దురుసే," అంది ఎవ్లాంబియా కళ్ళజోడు సవరించుకుంటూ. "అయినా వాడు మనల్ని వదిలేసి ఆ పోటీ కంపెనీలో చేరి రెండేళ్ళయింది కదయ్యా!"