తీసేసిన అధ్యాయాలు

నాచారంలో ఒక పాత ఇంటి కింది వాటాలో కీర్తన ఒంటరిగా అద్దెకుండేది. పైగదికి ఎప్పుడూ తాళమే.

ఇంటర్నెట్‌లో కథల సైటులో ఆమె ఒక నవల పెడుతూ వచ్చింది. చదివేవాళ్లు లేక మనసు విరిగి, ఒక రాత్రి ఒక్కో అధ్యాయాన్నీ సైటులోంచి తీసేయడం మొదలుపెట్టింది.

మొదటిది తీసేయగానే పైగదిలో ఒక ఆడగొంతు వినిపించింది. ఎవరో ఆ అధ్యాయాన్నే పైకి చదువుతున్నారు. రెండోది తీసేస్తే గొంతు రెండోది అందుకుంది. కీర్తన బయటికొచ్చి పైకి చూసింది. పైగదికి తాళం అలాగే ఉంది. కానీ ఎంత బాగా చదువుతోంది! చప్పగా రాశాననుకున్న మాటలకు ఆ గొంతులో ప్రాణం వచ్చింది.

అయినా భయమేసి కీర్తన పరుగున వెళ్లి, పక్క వాటాలో ఉండే ఇంటావిడ వెంకటనర్సమ్మ తలుపు తట్టింది.

"పైన ఎవరో ఉన్నారండీ!"

"పైన ఎవ్వరు లేరు బిడ్డా," అని ముసలామె కాసేపు చెవి ఒగ్గి విన్నది. "మస్తు సదువుతున్నది గదా? జర మెల్లగ మాట్లాడు, ఇననియ్యి."

కీర్తన తిరిగొచ్చింది. వినాలన్న ఆశతో మిగిలినవీ తీసేసింది. చివరి అధ్యాయం అయిపోయింది. గొంతు మాత్రం ఆగలేదు. ఆమె ఇంకా రాయని అధ్యాయం మొదలైంది. తను ఏనాడూ రాయలేనంత అందంగా సాగుతోంది.

కీర్తన కొత్త పేజీ తెరిచి, విన్నది విన్నట్టు టైపు చేయసాగింది. ఒక చోట ఆమె వేళ్లు వెనకబడ్డాయి.

పైన గొంతు ఆగింది. ఆమె ఆ వాక్యం పూర్తిచేసేదాకా ఆగి, మళ్ళీ అందుకుంది.