నూనె గీత

తిహార్ పండక్కి కాల్పులు ఆపారు. మా రోల్పా కొండల్లో అక్కచెల్లెళ్లు అన్నదమ్ములకి బొట్టు పెట్టే రోజది. సైన్యంలో ఉన్న ధనరూప్, దళంలో ఉన్న జోఖే, నా తమ్ముళ్లిద్దరూ వచ్చారు. తుపాకులు గుమ్మం బయట గోడకి ఆనించారు.

పక్కపక్కన కూర్చోబెట్టి, ఇద్దరి చుట్టూ నూనెతో గీత గీశాను. అది ఆరేదాకా యముడు దాటి రాలేడు.

"అంత నూనె ఏంటక్కా, మమ్మల్ని వేపుకు తింటావా?" అన్నాడు జోఖే.

"నీ ఒంట్లో కండెక్కడుందిరా? అడవిలో ఆకులు మేసి ఎండిపోయావు," అన్నాడు ధనరూప్.

"నీలా సర్కారు మేత దొరకొద్దూ, అన్నా!"

ముగ్గురం నవ్వాం. ఈసారి శాంతి నిలుస్తుందేమో అనుకున్నాను.

ఆనవాయితీ ప్రకారం గడప మీద అక్రోటుకాయ పగలగొడుతున్నాను. పక్కింటి రేడియో అరిచింది. చర్చలు విఫలమయ్యాయి, కాల్పుల విరమణ ముగిసింది.

ఇద్దరి చూపులూ నన్ను దాటి తుపాకుల మీద పడ్డాయి. గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను.

"తప్పుకో అక్కా! తుపాకీ ముందు వాడికి అందితే నన్ను చంపేస్తాడు," అన్నాడు జోఖే.

ధనరూప్ కూడా అదే మాట అన్నాడు.

నూనె ఇంకా ఆరలేదు. యముడు లోపలికి రాకూడదని గీసిన గీత అది. ఇద్దరు యముళ్లని లోపల కూర్చోబెట్టి గీశాను.