నీలికళ్ళ దిష్టి

ఎవాంథియా కొన్న బండి మూడో రోజూ కొండదారి ఎత్తులో ఆగిపోయింది.

నలభై ఆరేళ్ళకి తొలిసారి బండెక్కిన మనిషి. కొన్నది చిన్న ఇంజను పాతబండి. వాళ్ళ గ్రీకు దీవిలో అలాంటివాటిని అందరూ బాతుపిల్లలంటారు. మెకానిక్ స్ట్రాటోస్ చవగ్గా ఇప్పించాడు.

సోమవారం నుంచి కొండమీది ఊళ్ళో, రొట్టెల కొట్టులో ఆమెకి పని. ఆరింటికల్లా ఉండాలి. మొదటి బస్సేమో తొమ్మిదింటికి. బాతుపిల్ల కొండెక్కకపోతే ఆ పని లేనట్టే.

తప్పు తనది కాదని ఆమె నమ్మకం. ఎత్తు మొదట్లో కాఫీకొట్టు ముందు ఓ పెద్దాయన రోజూ కూర్చుంటాడు. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు, అందులోనూ ఆయనవి నీలికళ్ళు, వాటి దిష్టి మరీ చెడ్డదని ఆ దీవిలో నమ్మకం.

మొదటిరోజే "బండి బాగుందమ్మాయ్" అన్నాడు. మెచ్చుకున్నవాడు దిష్టి తగలకుండా మూడుసార్లు తూతూ అనాలా వద్దా? అనలేదు. ఆమె దిష్టికి విరుగుడుగా హ్యాండిలుకి నీలిపూస కట్టుకుంది. అయినా బండి ఆగింది. ఆ మహానుభావుడు రెప్ప వేయకుండా అటే తిరిగి కూర్చున్నాడు.

ఇవాళ ఆమె బండి తోసుకుంటూ వచ్చి ఆయన ముందు నిలబడింది.

"పెద్దాయనా, నీకు దణ్ణం పెడతా. నా బండిని చూడటం మానెయ్."

ఆయనకి కోపం రాలేదు.

"చూడనులేమ్మా. నువ్వు మూడో గేరులో ఎక్కిస్తున్నావు, అది రొప్పుతోంది. మలుపు రాకముందే రెండుకి దించు."

ఆపైన తూ తూ తూ అన్నాడు.

ఆమె మూతి ముడుచుకునే రెండో గేరు వేసింది. బండి దర్జాగా కొండెక్కేసింది. దిష్టి పోయిందనుకుంది.

కానీ పెద్దాయన మీద నోరు పారేసుకున్నానని ఆదివారమంతా మనసు పీకుతూనే ఉంది. సోమవారం పని అయ్యాక వేడి రొట్టె ఒకటి పొట్లం కట్టుకుని హుషారుగా కొండ దిగింది.

కుర్చీ ఖాళీగా ఉంది. పక్కనే స్ట్రాటోస్ షెడ్డు. వెళ్ళి అడిగింది.

"పొద్దున్న ఓడకి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయాడక్కా. తెల్లారుతూనే నువ్వు కొండెక్కిన చప్పుడు విని, ఇక బెంగలేదన్నాడు. కాగితాల మీద పాత యజమాని పేరు లెఫ్తేరిస్ అని చూశావుగా, ఆయనే."

ఆమె రొట్టె పొట్లం అక్కడి బల్ల మీద పెట్టింది.

"మరి ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా. మూడు రోజులు అలా గుడ్లప్పగించి చూసే బదులు..."

"చూడటమెక్కడక్కా," అన్నాడు స్ట్రాటోస్. "చూపు పోయాకే కదా బండి అమ్ముకున్నాడు."