సంత సీను

"అమ్మా, ఆ గుంపులో చూడు, అన్న!" ఓబుళేశు టీవీ దగ్గరికి ఉరికాడు.

ముప్పై ఏళ్ల కిందట ఆలూరు సంతలో తీసిన, వారం కూడా ఆడని సినిమాను కేబుల్ వాడు వేశాడు. ఆ ఏడే అన్న మద్దిలేటి విషజ్వరంతో పోయాడు. ఇంట్లో వాడి ఫొటో ఒక్కటీ లేదు.

నాగలక్ష్మమ్మ కళ్లు చికిలించింది. "వాడు కాదప్పా. నా కొడుకు మొగం నాకు తెలీదా?"

"జేబుకు ఎర్రగుడ్డ మాసిక చూడు. తర్వాత ఆ చొక్కా నేనే గదా తొడుక్కునింది!"

ఆ మాసిక ఆమె వేసిందే. తెరమీది పిల్లవాడు ఇటు తిరిగి నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు కొత్తగా ఉంది. అంతలో సీను మారిపోయింది.

ఆమె ఓబుళేశు చెంప తడిమింది.

"ఇన్నేండ్లూ నీ మొగమే వాని మొగమనుకోని ఏడుస్తాంటి నాయనా... ఆ సినిమా మళ్లా ఎప్పుడేస్తారు?"