కరుణమ్మకి మళ్ళీ వయసొచ్చింది

ముట్లుడిగిన ఆరేళ్ళకి కరుణమ్మకి మళ్ళీ నెత్తురు కనబడింది. ఆ సంగతి ప్రార్థనకొచ్చిన ఆడవాళ్ళందరికీ చెప్పేసింది.

"నాకు మళ్ళీ వయసొచ్చిందర్రా! మా ఆయన్ని జాగ్రత్తగా ఉండమన్నాను. ఇప్పుడు కవలలు పుడితే నేనెత్తలేను."

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. కోడలు నిఖిత మాత్రం ఆటో పిలిచింది.

"ఈ వయసులో అలా కనబడకూడదండీ అత్తయ్యగారూ. పదండి."

"పురిటికా?" అంటూనే ఎక్కింది కరుణమ్మ.

అమలాపురంలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, రిపోర్టులు వచ్చాక చెప్పింది.

"ఒంట్లో కొవ్వు ఈస్ట్రోజన్ హార్మోన్‌ని తయారుచేస్తూనే ఉందండీ. దానికి పగ్గం వేసే హార్మోన్ ఇప్పుడు లేదు. అందుకే గర్భసంచి లోపలి పొర మందమయింది. ఇంకా కేన్సర్ కాలేదు, వదిలేస్తే అవ్వొచ్చు. మందులు వాడదాం."

"ఆయ్! నాకు కొవ్వెక్కువని మా అత్త ఎప్పుడో చెప్పిందండీ."

తిరిగొచ్చేటప్పుడు నిఖితకి కోపం ఆగలేదు. "మీకు భయమే లేదాండీ? ఊరందరికీ చెప్పి నవ్వించేరు."

కరుణమ్మ కాలవ వైపు చూస్తూ చెప్పింది.

"మా అమ్మకీ ఇలాగే కనబడిందే. సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేదు, పోయింది. నాకూ సిగ్గే. అందుకే నవ్వుతా చెప్పేను. ఒక్కరైనా నవ్వకుండా ఉంటారేమోనని."